సద్దులేని సందు: నిద్ర కాచిన స్వామి

బ్రహ్మోత్సవాల అయిదో రోజు సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు చెన్నకేశవస్వామి పల్లకి కంచరి వీధి మలుపు తిరుగుతుంది. మలుపు దగ్గర సన్నాయి విద్వాంసుడు నడుస్తూనే సన్నాయిని పెదవుల మీది నుంచి దించి, దాని పీక ఊడదీసి, మొలలో దోపుకుంటాడు. డోలు వాయించే అతను డోలు మీద కండువా కప్పుతాడు. అంతవరకు గోవిందా అని ఎలుగెత్తి పలికినవారు అక్కడి నుంచి పెదవులు మాత్రమే కదుపుతారు. వీధికి రెండు వైపులా ఇళ్ళ ముందు కంచరివారి సమ్మెటలు పాతగుడ్డలు చుట్టుకుని గోడవారగా నిలబడి ఉంటాయి. పల్లకి ఒక చిన్న మండపంలో దిగుతుంది. తెర పడుతుంది. ఇక మర్నాడు తెల్లవారి మేలుకొలుపు వరకు స్వామి అక్కడే, వీధిలోనే పవళిస్తాడు.

కంచరదుర్గం పట్టణంలో ఈ స్థలాన్ని ఎవరిని అడిగినా చూపిస్తారు. రైల్వేస్టేషన్ దగ్గర ఆటో ఎక్కి సద్దులేని సందు అంటే చాలు. అయితే ఆ పేరు విని వచ్చిన యాత్రికుడు మొదట తెల్లబోతాడు. ఏడాది పొడుగునా ఊరు మొత్తం మీద ఇంత చప్పుడు ఉన్న వీధి మరొకటి లేదు. ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు, గుడిగంటలు ఇక్కడే తయారవుతాయి. పొద్దున మొదలైన సమ్మెట దెబ్బలు దీపాలవేళకు గాని ఆగవు. మాట్లాడుకోవాలంటే మనిషి చెవి దగ్గర నోరు పెట్టాలి.

మండపంలో విగ్రహం లేదు. ఒక నల్లబండ ఉంది. దాని మీద పల్లకి కాళ్ళు ఆనినంత మేర నాలుగు గుంటలు ఉన్నాయి. పసుపు, కుంకుమ, పూలు ఆ గుంటలకే. ఇక్కడి మొక్కుబడి కూడా వేరు. ఇంట్లో ఎవరైనా మంచాన పడితే ఆ రోగిని ఇక్కడికి తీసుకురారు. రోగికి ఉపచారం చేస్తూ అలసిపోయిన మనిషిని తీసుకొస్తారు. ఆ మనిషి బండకు మొక్కి, మండపంలో చాప పరుచుకుని కాసేపు నిద్రపోతుంది. ఆ కాసేపూ రోగి దగ్గర ఇరుగుపొరుగు కూర్చుంటారు. ఈ ఆచారం ఎలా వచ్చిందో తెలియాలంటే మేళం భావన్న సంగతి తెలియాలి.

కంచరదుర్గం ప్రముఖుల చిత్రపటాలు పురపాలక సంఘం హాలులో వరుసగా వేలాడుతున్నాయి. ఊరికి మంచినీటి బావులు తవ్వించి, సత్రం కట్టించిన ధర్మకర్త అక్కిరాజు జగ్గయ్యపంతులు తలపాగాతో అక్కడ ఉన్నారు. గత్తర, అంటే కలరా, వచ్చిన ఏడు ఊరు వదలకుండా మందు ఇచ్చిన హకీం దస్తగిరి సాహెబు ఉన్నారు. భావన్న పటం లేదు. అతణ్ణి ఎవరూ ఫోటో తీయలేదు. చెవులకు పోగులు, ఎండిన చెరకుగడలాంటి ఒళ్ళు, ఊది ఊది లోపలికి పోయిన బుగ్గలు అని పెద్దవాళ్ళు చెప్పుకోగా విన్నదే మిగిలింది.

తాతల నాడు ఈ సందుకు ఈ పేరు లేదు, మండపమూ లేదు. అప్పట్లో కేశవస్వామి కోవెలలో సన్నాయి మేళం భావన్న వంశానిది. అందుకు గాను వాళ్ళకు ఊరి దక్షిణాన కొంత మాన్యం భూమి ఉండేది. మేళం ఉన్నన్నాళ్ళూ మాన్యం. మేళం పోతే భూమీ పోతుంది. దానితోపాటే భావన్న ఇంటి అయిదారు కంచాలూ ఖాళీ. కోవెల కట్టడి ఏమిటంటే, గ్రామోత్సవానికి స్వామి గడప దాటిన దగ్గర నుంచి తిరిగి గడప తొక్కేదాకా వీధిలో మేళం తెగకూడదు. అంతకు కొన్నాళ్ళ ముందు పొరుగూరి మేళగాడు ఒకడు దాహం వేసి నడివీధిలో సన్నాయి దించినందుకు మిరాశీ హక్కు పోగొట్టుకున్నాడు. ఆ సంగతి భావన్న మరచిపోలేదు.

ఆ ఏడు ఉత్సవాలకు ముందు ఊళ్ళో విషజ్వరాలు వచ్చాయి. కంచరి వీధిలో కామాక్షమ్మ అనే ఆమె భర్త ఆ జ్వరంతోనే పోయాడు. నెల తిరగకముందే ఆరేళ్ళ కూతురు ఈశ్వరి మంచం పట్టింది. ఆ పిల్లకు పురుడు పోసింది భావన్న తల్లి. అందువల్ల ఆ ఇంటి మంచిచెడ్డలు భావన్నకు తెలుస్తూనే ఉండేవి. పిల్లకు ఒళ్ళు పేలిపోతోంది. కళ్ళు తెరుచుకునే ఉంటాయి గాని ఎవరినీ పోల్చుకోదు. పగలూ రాత్రీ ఒకటే పొర్లాట, ఒకటే మూలుగు. హకీం సాహెబు జాము జాముకూ పట్టమని కషాయం ఇచ్చి వెళ్ళారు. చప్పుడు వల్లనే పిల్లకు నిద్ర పట్టడం లేదని వీధి వీధంతా అనుకుంది. ఎదురింటివాళ్ళూ పక్కింటివాళ్ళూ పండగ గిరాకీని కూడా పక్కన పెట్టి సమ్మెటలు కట్టిపెట్టారు. అయినా పిల్ల రెప్ప వాల్చలేదు. తల్లీ వాల్చలేదు.

అయిదో రోజు పొద్దున భావన్న ఆ దారిన పోతుంటే కామాక్షమ్మ గడపలో కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్న ఇత్తడి గిన్నె. అందులో ఉండవలసిన కషాయం చీర మీద మరకై ఉంది. కూర్చున్న చోటే కునుకు పట్టి చేయి జారింది. అది రెండోసారట.

"అన్నా, సాయంత్రం స్వామి వచ్చినప్పుడు మా గడప దగ్గర కొంచెం మెల్లగా వాయించవూ?" అని అడిగింది. "పిల్ల ఉలిక్కిపడుతుందేమోనని భయంగా ఉంది."

భావన్న చంకలోని సన్నాయి చూపించాడు. "మెల్లగా పలకడం దీనికి చేతకాదు తల్లీ. ఊదితే ఊరవతలికి వినబడుతుంది, లేకపోతే లేదు" అన్నాడు. అన్నాడే గాని ఆ గిన్నె, ఆ మరక అతని కళ్ళలోంచి పోలేదు. నేరుగా పంతులుగారి ఇంటికి పోయి, ఆ ఒక్క గడప ముందు మేళం ఆపడానికి సెలవు ఇప్పించమని అడిగాడు.

జగ్గయ్యపంతులు చెడ్డవారు కారు. జ్వరాలు మొదలైనప్పటి నుంచి సత్రంలో గంజి కాయిస్తున్నది ఆయనే. కాని కోవెల కట్టడి విషయంలో గీత గీసినట్టు ఉండేవారు. ఈ ఏడు జ్వరం లేని వీధి ఏది, మూలుగు లేని గడప ఏది అని అడిగారు. "ఒక గడపకు ఆపితే రెండో గడప ఊరుకుంటుందా భావన్నా? ఊరు బాగుండాలనే కదా స్వామిని మేళతాళాలతో తిప్పుతున్నాం. మేళం తెగిందో, మాన్యం తెగింది. తరవాత నన్ననుకోవద్దు" అన్నారు. భావన్న దండం పెట్టి వచ్చేశాడు.

మధ్యాహ్నమంతా అతను సన్నాయి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆపడానికి వీల్లేదు, మెల్లగా వాయించడానికి వీల్లేదు. డోలు మోగించుకుంటూ ఆ గడప ముందు నుంచి పోవడానికి మనసొప్పదు. పొద్దు వాలుతుండగా అతనికి ఒక సంగతి తట్టింది. కోవెలలో అన్ని సేవలకూ డోలు ఉంది, ఒక్క పవళింపు సేవకు లేదు. స్వామిని పడుకోబెట్టేటప్పుడు నీలాంబరి రాగంలో లాలి వాయిస్తారు. అప్పుడు డోలు పక్కన పెడతారు, తాళం పట్టరు. ఒక్క శ్రుతి మీద, ఊపిరి బిగబట్టి, స్వరం పెదవి దాటిందా లేదా అన్నంత సన్నగా పలికించాలి. అలా పలికించడానికి వేరే పీక ఉంటుంది. దాన్ని రోజుకు ఒక్కసారే, రాత్రి ఆఖరి సేవకే తీస్తారు. ఆ లాలి కంచరి వీధిలో వాయిస్తే మేళం తెగినట్టూ కాదు, పిల్ల ఉలిక్కిపడేదీ ఉండదు. భావన్న లేచి, లాలి పీకను మొలలో దోపుకున్నాడు.

అతను పిల్ల చెవుల గురించి ఆలోచించాడు, పంతులుగారి చెవుల గురించి ఆలోచించాడు. పల్లకి మోసే బోయీల చెవుల గురించి ఆలోచించలేదు.

పల్లకి మలుపు తిరిగింది. భావన్న పీక మార్చి, డోలు అతనికి ఆపమని కనుసైగ చేసి, లాలి అందుకున్నాడు. కామాక్షమ్మ గడప నాలుగు బారల దూరంలో ఉందనగా పల్లకి ఆగింది. బోయీల పెద్ద పోలయ్యకు ఆ కోవెలలో తల నెరిసింది. అన్నేళ్ళుగా అతనికి లాలి అంటే ఒకటే అర్థం: ఇవాళ్టికి పని అయింది, స్వామిని దించి భుజం తుడుచుకోవచ్చు. అతను దించమని చేయి ఊపాడు. మిగిలినవాళ్ళు దించారు. పల్లకి నాలుగు కాళ్ళూ వీధి నడుమ ఉన్న నల్లబండ మీద ఆనాయి. స్వామి పవళించే వేళకు దివిటీలు వాల్చడం ఆనవాయితీ కనుక దివిటీలు వాలాయి. వెనక కళ్ళు సగం మూసుకుని పారాయణ చేసుకుంటూ నడుస్తున్న ముసలి అర్చకులు వరదాచార్యులవారి చేయి, లాలి వినబడగానే, తనంతట తానే పైకి లేచి పల్లకి తెర లాగింది.

ఆ తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పోలయ్య భావన్న పక్కకు వచ్చి, "ఏం బావా, గుడి ఇంత దగ్గరికి ఎప్పుడొచ్చింది?" అని గుసగుసగా అడిగాడు. భావన్న నోట సన్నాయి ఉంది. ఆపితే మేళం తెగుతుంది. ఆపకపోతే ఇంకేం జరుగుతుందో తెలియదు. లాలి పూర్తి చేసి, సన్నాయి దించాడు.

ముందు నడుస్తున్న జగ్గయ్యపంతులు వెనక్కి వచ్చి, పల్లకి ఎవరు దింపమన్నారని గద్దించబోయారు. వరదాచార్యులవారు నోటి మీద వేలు పెట్టారు.

"మెల్లగా పంతులుగారూ. స్వామి పవళించాడు. తెర వేశాను."

"నడివీధిలోనా?"

"లాలి అయింది, తెర పడింది. ఇక మేలుకొలుపు దాకా కదపరాదు. కదిపితే స్వామికి అపచారం. కదపకపోతే మనకు జాగారం. నన్నడిగితే రెండోదే నయం" అన్నారు ఆచార్యులవారు.

ఆ కోవెలకు అంతకంటె పెద్ద కట్టడి లేదని పంతులుకూ తెలుసు. మేళం తెగరాదన్న కట్టడి ఎవరు రాశారో, పవళించిన స్వామిని కదపరాదన్న కట్టడీ వాళ్ళే రాశారు. ఆయన పల్లకి తెర ముందు నుంచి వెనక్కి తిరిగారు. తరవాత భావన్నతో, తెల్లవారి మేలుకొలుపు వాయించి సన్నాయి స్వామి ముందు పెట్టి వెళ్ళమని, వంశంలో మరొకరికి ఇవ్వాలో వద్దో తరవాత చూస్తానని చెప్పారు. గొంతు పెంచలేదు. పెంచే వీలు లేదు.

స్వామి నిద్రపోతున్నాడు కనుక పంతులు వీధి రెండు కొసలా మనుషులను నిలబెట్టి బండ్లు ఆపించారు. కుక్కలను తోలించారు. ఇళ్ళలో గిన్నెలు కడగడం మానిపించారు. కంచరి వీధి పుట్టిన తరవాత అంత నిశ్శబ్దం ఎవరూ ఎరుగరు. ఆ నిశ్శబ్దంలో ఒక్క ఈశ్వరి మూలుగే వినబడుతోంది. పంతులు ఆ మూలుగు ఆపించడానికి వెళ్ళారో, చూడడానికి వెళ్ళారో తెలియదు గాని ఆ ఇంటి గడప దగ్గరికి వెళ్ళారు. కామాక్షమ్మ ద్వారబంధానికి తల ఆనించి, చేతిలో గిన్నె అలాగే పట్టుకుని, ఒళ్ళెరగని నిద్రలో ఉంది. పక్కన పిల్ల పొర్లుతోంది.

ఆమెను లేపబోయి పంతులు ఆగిపోయారు. వీధిలో ఎవరి నిద్రా చెడగొట్టరాదని ఇప్పుడే తాను ఆజ్ఞ ఇచ్చారు. కబురు పంపిస్తే దస్తగిరి సాహెబు చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చారు. తల్లి చేతిలోంచి గిన్నె మెల్లగా తీసుకున్నారు. ఆ రాత్రి జాము జాముకూ కషాయం పట్టింది ఆయన. దీపం పట్టుకున్నది ధర్మకర్త. తడిగుడ్డ మార్చింది పోలయ్య. భావన్న మాత్రం గడప తొక్కడానికి ధైర్యం చాలక గోడకు చేరగిలి కూర్చున్నాడు. ఇంట్లోంచి మూలుగు ఎప్పుడు ఆగిందో అతనికి తెలుసు. ఎందుకు ఆగిందో తెలియక, లోపల ఎవరైనా ఏడుస్తారేమోనని చెవి ఒగ్గి ఉన్నాడు. కొంతసేపటికి సాహెబు బయటికి వచ్చి, "చెమట పట్టింది. పడుకుంది" అని అతని భుజం తట్టి వెళ్ళారు.

తెల్లవారుతుండగా జగ్గయ్యపంతులుకు అరుగు మీద కునుకు పట్టింది. ఆ కునుకులో పల్లకి తెర తొలగినట్టు, లోపల నుంచి ఎవరో ఆవులిస్తూ లేచి కూర్చున్నట్టు కనబడింది. "రోజూ పడుకోబెడతారు గాని పంతులూ, నాకు నిద్ర పట్టింది ఈ రాత్రే. ఏటా ఇక్కడికే తీసుకురండి" అన్న మాట వినబడింది. కళ్ళు తెరిచేసరికి భావన్న మేలుకొలుపుకు పీక సరిచేసుకుంటున్నాడు.

ఇదే ఆఖరిసారి అనుకుని వాయించాడు గనుక భావన్న ఆ పొద్దు వాయించినట్టు ముందూ వెనకా ఎన్నడూ వాయించలేదని పెద్దలు చెబుతారు. డోలు కూడా వీధి అదిరేటట్టు మోగింది. కామాక్షమ్మ ఉలిక్కిపడి లేచి, చేతిలో గిన్నె లేకపోవడం చూసి కెవ్వుమంది. పిల్ల మాత్రం కదల్లేదు. నాలుగు బారల దూరంలో డోలు మోగుతున్నా, చేయి చెంప కింద పెట్టుకుని హాయిగా నిద్రపోతూనే ఉంది. అంత చప్పుడులోనూ చెదరని నిద్ర స్వామి ఇచ్చిందేనని వీధివీధంతా బండ మీద సాగిలపడింది.

భావన్న సన్నాయి తెచ్చి పల్లకి ముందు పెట్టాడు. పంతులు దాన్ని తీసి అతని చేతికే ఇచ్చారు. పీక మాత్రం ఊడదీసి, ముందుగా అతని మొలలో దోపారు.

"నీ సన్నాయి నీదే. ఈ సందులోకి వచ్చినప్పుడు మాత్రం ఇది ఇక్కడ ఉండాలి. కట్టడి చేసింది నేను కాదు" అన్నారు. అంతకుమించి ఆయన ఆ కల సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

మండపం మరుసటి ఏడు కంచరివారు కట్టించారు. బండ మీది గుంటలు పల్లకి కాళ్ళు ఆనిన చోట ఆ రాత్రే పడ్డాయని కొందరు, ఏటేటా ఆనగా పడ్డాయని కొందరు అంటారు. మండపంలో వెలిగే నిలువెత్తు ఇత్తడి దీపపు సెమ్మె ఈశ్వరి చేతి పని. ఆమె పెరిగి పెద్దదై, తండ్రి సమ్మెట పట్టి, ఈ ఊళ్ళో ఆ పని చేసిన మొదటి ఆడమనిషి అయింది. సెమ్మె పాదం మీద ఆమె పేరు ఉంది. వేలితో తడిమితే తెలుస్తుంది. భావన్న వంశం వారే నేటికీ కోవెలలో సన్నాయి వాయిస్తున్నారు. మాన్యం వారిదే.

మొదటి కొన్నాళ్ళు నిద్రపట్టని పసిపిల్లలను ఈ బండ దగ్గరికి తెచ్చేవారు. త్వరలోనే ఆ వాడుక మారింది. ఇప్పుడు వచ్చేది తల్లులు, భార్యలు, మంచం పక్కన నెలల తరబడి కూర్చున్న కొడుకులు, కోడళ్ళు. పెద్దాసుపత్రి నుంచి తిన్నగా ఇక్కడికి వచ్చేవారూ ఉన్నారు. చాపలు మండపంలోనే ఉంటాయి. వచ్చినవారి కోసం వీధిలో ఎవరో ఒకరు ఆసుపత్రికి వెళ్ళి రోగి పక్కన కూర్చుంటారు. అడగనక్కరలేదు. ఇక్కడ కునుకు తీసి లేచినవారికి మళ్ళీ చేయి సాగుతుందని, వారు కాచుకున్నవారికి ఆయువు నిలుస్తుందని నమ్మకం. సమ్మెటల చప్పుడుకు నిద్ర పడుతుందా అని కొత్తవారు అడుగుతారు. పడుతుంది.

వాడుక మారడానికి కారణం ఇది. ఉత్సవాలు ముగిసిన కొద్ది రోజులకు కంచరి వీధిలో సమ్మెటలు మళ్ళీ మొదలయ్యాయి. ఈశ్వరి లేచి అరుగు మీద కూర్చుని గంజి తాగుతోంది. పక్కింటి వ్యక్తి ఆమె వెనకే కొత్త గంట ఒకటి మోగించి చూసుకున్నాడు. పిల్ల తల తిప్పలేదు. దస్తగిరి సాహెబు వచ్చి, వెనక నుంచి పిలిచి, చప్పట్లు కొట్టి, పళ్ళెం జారవిడిచి చూశారు. ఎప్పటి నుంచి పిలుపుకు పలకడం లేదని తల్లిని గుచ్చి గుచ్చి అడిగారు. ఆ సాయంత్రం కామాక్షమ్మ భావన్న ఇంటికి వెళ్ళి, సాహెబు చెప్పిన మాట చెప్పింది. జ్వరం పిల్ల వినికిడిని తీసుకుపోయిందని, అది పల్లకి రావడానికి ముందే జరిగిందని, ఆ రాత్రి గడపలో లాలి విన్నదీ, విని నిద్రపోయిందీ తాను ఒక్కతేనని.